గుళిక గట్టిది, పిల్ల పళ్ళు చిన్నవి

చిక్కడపల్లిలో ఒక పిండివంటల దుకాణం. అక్కడ రోజూ మురుకులు వత్తే ఆమె ఇల్లు బాగ్ లింగంపల్లి బస్తీలో. రెండేళ్ళ కిందట ఆమెకు సంతకం కూడా రాదు. ఇప్పుడు బస్సుల మీది ఊరి పేర్లు చదువుతుంది. నూనె డబ్బా మీద, పిండి సంచి మీద ఏముందో కూడబలుక్కుని చదువుతుంది.

ఒక ఆదివారం ఆమె మేనత్త వచ్చింది. మేనత్త ఉండేది పట్నం దాటిన తరువాత, ఔటర్ రింగు రోడ్డు అవతల. వాళ్ళు ఎరుకల వాళ్ళు. పందుల పెంపకం తాతల నాటి పని. ఇప్పుడు పట్నం వీధుల్లో పందులను తిరగనివ్వరు, మున్సిపాలిటీ బండి పట్టుకుపోతుంది. అందుకే ఊరి బయట చిన్న కొట్టం వేసుకున్నారు.

అత్త కూర్చోగానే కొంగు ముడి విప్పింది. అందులో గుప్పెడు దాణా గుళికలు. బూడిద రంగు, పొట్టి పుల్లల్లాగా ఉన్నాయి.

"చూడు బిడ్డా, ఇవి దాణానా, కంకర రాళ్ళా?" అంది అత్త. "పిల్లలు నోట్లె పెట్టుకుంటున్నయి, కిందేస్తున్నయి. ఒక్కటి కూడ మింగుతలేవు."

"ఎన్ని పిల్లలు అత్తా?"

"తొమ్మిది. నాలుగు వారాలైంది. తల్లికి పాలు తగ్గినయి. సంఘంల అప్పు తీసుకొని కొన్న సంచి ఇది. పిల్లలు ఎండిపోతే అప్పు ఎట్ల కడుదు?"

కోడలు ఒక గుళిక తీసుకుని గోటితో నొక్కింది. విరగలేదు. పళ్ళ మధ్య పెట్టి కొరికింది. టక్కుమని రెండు ముక్కలైంది. ఆమె నవ్వింది.

"పాకం ముదిరిన పల్లి పట్టి లెక్క ఉంది అత్తా!"

ఆ మాట ఆమె నవ్వులాటకే అంది. కాని అసలు సంగతి అదే. ఎట్లాగో చూద్దాం.

పంది పిల్ల నోరు

తల్లి పంది సుమారు 114 రోజులు మోస్తుంది. 3 నెలల 3 వారాల 3 రోజులు అని గుర్తు పెట్టుకోవచ్చు. పుట్టినప్పుడు పిల్ల బరువు కిలో అటూ ఇటూ. నోట్లో అప్పటికే 8 సూది పళ్ళు ఉంటాయి. అవి తల్లి రొమ్ము కోసం తోటి పిల్లలతో కొట్లాడటానికి పనికొస్తాయి గాని, నమలటానికి కాదు. నమిలే పళ్ళు తరువాత ఒక్కొక్కటిగా వస్తాయి. పెద్దయిన పందికి మొత్తం 44 పళ్ళు.

తల్లి పాలు మూడో వారం దాకా పెరుగుతాయి. తరువాత తగ్గుతూ పోతాయి. పిల్లల ఆకలి మాత్రం రోజురోజుకూ పెరుగుతుంది. ఈ రెండింటికీ మధ్య పడే లోటును దాణా పూడ్చాలి. అందుకే రెండో వారం నుంచే పిల్లలకు కొంచెం కొంచెం దాణా అలవాటు చేస్తారు. తల్లి దూరలేని సందు విడిచి, పిల్లలు మాత్రమే వెళ్ళే మూల ఒకటి కడతారు. అక్కడ పెడతారు. మొదట్లో అవి తినేది గుప్పెడు కూడా ఉండదు. వాసన చూస్తాయి, ముట్టెతో నెడతాయి, నాకుతాయి. ఆ రోజుల్లో పళ్ళు నొప్పి పుట్టిస్తే ఇక దాని జోలికి రావు. పాలు మాన్పించిన రోజున ఏం తినాలో తెలియక నీరసపడతాయి. బరువు పెరగవు. పారుడు పట్టుకుంటుంది. అత్త భయం ఉత్త భయం కాదు.

హోటళ్ళలో మిగిలిన అన్నం, కూరలు పెద్ద పందులకు పెట్టటం పట్నంలో మామూలే. దాన్ని బాగా మరగబెట్టకుండా పెట్టకూడదు. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే పందుల జబ్బు ఎంగిలి మాంసం ముక్కల ద్వారా కూడా వస్తుంది. మన దేశంలో అది 2020లో మొదట అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో బయటపడింది. మనుషులకు అంటదు, కాని పందులకు దానికి మందు లేదు. ఇక పాలు తాగే పిల్లలకు ఎంగిలి కూడు అసలే సరిపోదు. వాటి పొట్ట చిన్నది, అవసరం పెద్దది. వాటి దాణాలో నూటికి 20 పాళ్ళ దాకా మాంసకృత్తులు ఉండాలి. మాంసకృత్తులంటే కండ పెంచే పదార్థం. పప్పుల్లో, పల్లి చెక్కలో, సోయా చెక్కలో, ఎండు చేపల పొడిలో, పాలపొడిలో అది ఎక్కువగా ఉంటుంది.

గుళిక ఎట్లా అవుతుంది?

ఇది మురుకులు వత్తిన చేతికి తేలికగా అర్థమవుతుంది.

దాణా మిల్లులో మొదట మక్కలు, నూకలు, చెక్క అన్నీ పిండి పడతారు. కొలత ప్రకారం కలుపుతారు. ఆ పొడికి ఆవిరి పట్టిస్తారు. ఆవిరికి పొడి వేడెక్కుతుంది, కొంచెం తడి అవుతుంది. అప్పుడు దాన్ని చిల్లులున్న మందపాటి ఇనుప చక్రంలోకి నెడతారు. మిల్లు వాళ్ళు దాన్ని డై అంటారు. మన మురుకుల గొట్టం అడుగున ఉండే బిళ్ళ లాంటిదే అది. కాకపోతే బిళ్ళ పలచన, డై చాలా మందం. రోలర్లు లోపలి నుంచి నొక్కితే పొడి ఆ చిల్లుల్లో ఇరుక్కుని, గట్టిపడి, పుల్లలుగా బయటికి వస్తుంది. కత్తి వాటిని పొట్టిగా నరుకుతుంది. తరువాత గాలి పట్టించి చల్లారుస్తారు, సంచికెత్తుతారు.

మరి గట్టితనం ఎక్కడ పుడుతుంది? దాదాపు ప్రతి మెట్టులోనూ.

పిండి మెత్తగా పడితే గుళిక గట్టిగా అతుక్కుంటుంది. రవ్వలాగా బరకగా ఉంటే, పెద్ద పలుకు ఉన్నచోట పగులు పుడుతుంది. బరక శనగపిండితో చేసిన మురుకు వత్తుతుంటేనే తెగిపోతుంది కదా. అలాగని మరీ మెత్తని పిండి కూడా మంచిది కాదు. అట్లాంటి దాణా రోజూ తింటే పందుల కడుపులో పుండ్లు పడే ప్రమాదం ఉంది.

ఏ గింజ అన్నది కూడా ముఖ్యమే. గోధుమలో జిగురు ఉంది. అందుకే చపాతి పిండి సాగుతుంది, మక్క రొట్టె పిండి సాగదు. గోధుమ కలిసిన గుళిక గట్టిగా వస్తుంది. మక్కలు ఎక్కువైతే అంత గట్టిగా రాదు.

ఆవిరి పని ఇంకా పెద్దది. వేడి, తడి కలిస్తే గింజల్లోని పిండి ఉబ్బి జిగురవుతుంది. గంజి చిక్కబడటం చూశాం కదా, అదే. సాధారణ దాణాకు 70 నుంచి 85 డిగ్రీల వేడి దాకా ఆవిరి పడతారు. ఆవిరి సరిగా పట్టకపోతే గుళిక పొడిపొడిగా రాలుతుంది.

నూనె దీనికి ఎదురు పనిచేస్తుంది. పొడిలో నూనె ఎక్కువైతే గుళిక జారుతుంది, అతుక్కోదు. మురుకుల పిండిలో వేడి నూనె ఎక్కువ పోస్తే ఏమవుతుందో మన కోడలికి చెప్పనక్కరలేదు. గుల్లగా వస్తుంది, ముట్టుకుంటే విరుగుతుంది. దాణాకూ అంతే. 100 కిలోలకు రెండు మూడు కిలోల నూనె దాటితే గుళిక మెత్తబడుతుంది. ఎక్కువ నూనె కావలసిన దాణాకు, గుళికలు తయారైన తరువాత పైన చల్లుతారు.

డై మందం పెరిగితే చిల్లు పొడుగవుతుంది, పొడి దానిలో ఎక్కువసేపు నలుగుతుంది, గట్టిపడుతుంది. చల్లార్చటంలో తొందరపడితే పైపొర ఎండి లోపల తడి మిగిలి పగుళ్ళిస్తుంది. వేడిగా సంచిలో పోస్తే చెమటపట్టి బూజు వస్తుంది.

పాకం సంగతి

ఇవన్నీ ఏ దాణాకైనా ఉండేవే. కోడి దాణాకు, బర్రె దాణాకు కూడా. పంది పిల్లల దాణాలో మాత్రం ఒక ప్రత్యేకం ఉంది. అది పాలపొడి, తీపి.

పిల్లలు పాల రుచికి అలవాటుపడ్డవి. అందుకని మిల్లు వాళ్ళు వాటి దాణాలో పాలపొడి గాని, జున్ను తీయగా మిగిలిన నీళ్ళను ఎండబెట్టిన పొడి గాని వేస్తారు. చక్కెర లేదా చక్కెర ఫ్యాక్టరీలో మిగిలే మడ్డి కూడా వేస్తారు. మడ్డినే మొలాసిస్ అంటారు. ఇవి మంచివే. పిల్ల ఇష్టంగా తింటుంది, తేలికగా అరుగుతుంది.

కాని పాలలో కూడా ఒక రకం చక్కెర ఉంది. చక్కెరను వేడి చేస్తే ఏమవుతుంది? పాకం అవుతుంది. తీగ పాకం, ఉండ పాకం, ఆ తరువాత గాజు లాగా పగిలే ముదురు పాకం. డై చిల్లులో పొడి రాసుకుపోయేటప్పుడు చాలా వేడి పుడుతుంది. ఆ వేడికి పాలపొడిలోని చక్కెర, మడ్డిలోని చక్కెర కరిగి జిగురవుతాయి. బయటికొచ్చి చల్లారగానే బిగుసుకుంటాయి. నువ్వుల ఉండ పొయ్యి మీద నుంచి దించినప్పుడు మెత్తగా ఉండి, చల్లారాక బండగా అయినట్టే.

అందుకే పాలపొడి ఉన్న దాణాకు ఆవిరి వేడి తగ్గించాలి. 60 డిగ్రీలు దాటనివ్వకపోవటం మంచిది. పలచని డై వాడాలి. అది చూసుకోని మిల్లులో, అన్నిటికంటే మంచి సరుకు వేసిన గుళికే అన్నిటికంటే గట్టిగా తయారవుతుంది. డబ్బు ఎక్కువ పెట్టి కొన్న దాణాను పిల్లలు ముట్టకపోవటం ఇందుకే. కొన్న మనిషి మాత్రం "నా పిల్లలకే రోగం వచ్చింది" అనుకుంటుంది.

కోడలు అత్తతో కొట్టం దాకా వెళ్ళి సంచి చూసింది. తెల్ల సంచి మీద చిన్న అక్షరాలు. చాలావరకు ఇంగ్లీషు. ఒక పక్క తెలుగులో కొన్ని వరుసలు. వేలు పెట్టి చదివింది. "మక్క... జొన్న... సోయా... పాల... పొడి... మొ... లా... సిస్."

"మొలాసిస్ అంటే ఏందే?" అంది అత్త.

"తీపి మడ్డి అత్తా. నేను అన్నది నిజమే. ఇది పాకం పట్టిన దాణా."

గట్టిదా, మన్నికైనదా?

ఇంటికి వచ్చేటప్పుడు కోడలు ఆ దాణా అర కిలో తెచ్చుకుంది. అమెరికాలో కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఫోస్ట్ అనే ఆచార్యుడు 1960లలో ఒక పరీక్ష తయారు చేశాడు. 500 గ్రాముల గుళికలను పెట్టెలో పోసి, నిమిషానికి 50 చుట్ల చొప్పున 10 నిమిషాలు తిప్పుతారు. అంటే 500 చుట్లు. తరువాత జల్లెడ పట్టి, విరగకుండా మిగిలినవి తూస్తారు. ఇప్పటికీ చాలాచోట్ల ఇదే వాడతారు. ఇంట్లో ఆ పెట్టె ఉండదు. మూతగల స్టీలు డబ్బా ఉంటుంది. చేతితో ఊపితే అచ్చం ఆ లెక్కే రాదు గాని, రెండు సంచుల దాణాను పోల్చి చూడటానికి పనికొస్తుంది.

ఆమె దుకాణం తక్కెడలో తూచింది. ఊపింది. చెయ్యి నొప్పి పుడితే చెల్లెలు ఊపింది. జల్లెడ పట్టింది.

పొడి 5 గ్రాములు.

500లో 5 తీసేస్తే 495. దాన్ని 5తో భాగిస్తే 99. అంటే నూటికి 99 పాళ్ళు విరగలేదు.

లెక్క ప్రకారం ఇది చాలా గొప్ప దాణా. లారీలో ఎత్తినా, దించినా, సంచి మీద సంచి వేసినా పొడి రాలదు. మిల్లుకు నష్టం లేదు, దుకాణానికి నష్టం లేదు. నష్టం ఎవరికి? తినవలసిన పిల్లకు. దాన్ని సాకే మనిషికి.

మన్నిక వేరు, గట్టితనం వేరు. ఊపితే రాలకపోవటం మన్నిక. నొక్కితే విరగకపోవటం గట్టితనం. గట్టితనం చూడటానికి చేతిలో పట్టే స్ప్రింగు పరికరం ఉంది. గుళికను మధ్యలో పెట్టి మర తిప్పుతూ పోతే, ఎంత బరువుకు విరిగిందో గీత మీద కనిపిస్తుంది. మన చేతికి గోరు, వేలు చాలు. పిల్లల దాణా గుళిక సంచిలో రాలకూడదు, రెండు వేళ్ళ మధ్య గట్టిగా నొక్కితే విరగాలి. మందం కూడా పెసరగింజంత ఉంటే చాలు. రెండు మూడు మిల్లీమీటర్లు.

మరీ మెత్తనిదీ వద్దు. పొడి ఎక్కువైతే పిల్లల ముక్కుల్లోకి పోతుంది, తుమ్ముతాయి. మిగతాది తొక్కి పాడుచేస్తాయి. సంచి అడుగున చేరిన పొడి కూడా డబ్బు పెట్టి కొన్నదే.

మిగిలిన సంచి ఏం చెయ్యాలి?

మరునాడు పొద్దున ఇద్దరూ నారాయణగూడ వెళ్ళారు. అక్కడ ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. బాగ్ లింగంపల్లి నుంచి నడిచి పోవచ్చు. కుక్కలు, పిల్లులు పట్టుకుని చాలామంది ఉన్నారు. అత్త వెనక్కి తగ్గింది.

"పందుల మాట అడిగితె నవ్వుతరేమో బిడ్డా."

"నవ్వితే నవ్వనియ్యి అత్తా. పంది పశువు కాదా?"

డాక్టరమ్మ నవ్వలేదు. గుళిక తీసుకుని గోటితో నొక్కి చూసింది. "ఇంత గట్టిదా!" అంది. సంచి చేసిన తారీకు అడిగింది. బూజు వాసన ఉందా అని అడిగింది. పల్లి చెక్క, మక్కలు తడిస్తే అఫ్లటాక్సిన్ అనే బూజు విషం పుడుతుందని చెప్పింది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా సీమకోళ్ళు ఒక్కసారి చచ్చిపోతే, అవి తిన్న పల్లి చెక్కలో ఈ విషం బయటపడింది. పిల్ల పందులకు కూడా అది చాలా చెడ్డది. ఈ సంచికి బూజు లేదు, గట్టితనమే తప్పు. పారెయ్యవద్దు అంది.

ఆమె చెప్పింది ఇది. గుళికలను కచ్చాపచ్చాగా దంచాలి. గోరువెచ్చని నీళ్ళు పోసి పావుగంట నాననివ్వాలి. పలచని జావ చేసి వెడల్పాటి గిన్నెలో పెట్టాలి. తొమ్మిది పిల్లలూ ఒక్కసారే చుట్టూ చేరేంత వెడల్పు ఉండాలి. కొంచెం కొంచెంగా రోజుకు నాలుగైదు సార్లు. రెండు గంటల్లో తినంది తీసేసి గిన్నె కడగాలి. తడి దాణా ఎండకు పులిసిపోతుంది, పులిసింది తింటే పారుడు. పక్కన మంచినీళ్ళు ఎప్పుడూ ఉండాలి. పిల్లలు బలంగా తింటున్నాక నీళ్ళు తగ్గిస్తూ పోవాలి.

"గుళికే కావాలని ఏం లేదమ్మా, అదే సరుకు పొడిగా దొరికితే తడిపి పెట్టినా సరిపోతుంది" అని కూడా అంది. ఈ మాట దుకాణంలో ఎవరూ చెప్పరు.

అత్తకు ఒక అనుమానం మిగిలింది. "రోజుకు ఐదు సార్లు గిన్నె కడుగుడు, నీళ్ళు కాచుడు. పని నాకే కదమ్మా?"

నిజమే, పని పెరుగుతుంది. గుళిక సరిగా ఉంటే ఆ చాకిరీ ఉండదు. డాక్టరమ్మ దానికి సమాధానం చెప్పలేదు. వారం చాలు, పది రోజులు చాలు అంది.

కొత్త సంచి

పదో రోజుకు తొమ్మిదిలో ఎనిమిది పిల్లలు గిన్నె కనపడగానే పరుగెత్తుకొస్తున్నాయి. తొమ్మిదోది మొదటి నుంచీ బక్కదే. దానికి అత్త విడిగా పెడుతోంది.

ఈసారి దాణా కొనటానికి కోడలు కూడా వెళ్ళింది. సంచి కుట్టు విప్పి చూపించమంది. దుకాణదారు ముఖం చిట్లించాడు.

"విప్పిన సంచి ఎవరు కొంటరమ్మా?"

"మంచిగుంటే మేమే కొంటం అన్నా. లేకుంటే విప్పి ఉన్న సంచి ఏదన్న ఉంటే అందులోది చూపియ్యి."

అతను విప్పి ఉన్న సంచిలోంచి గుప్పెడు ఇచ్చాడు. ఆమె గోటితో నొక్కింది. కొంచెం ఆగి విరిగింది. నీళ్ళ సీసా మూతలో రెండు గుళికలు వేసి నీళ్ళు పోసింది. కాసేపటికి ఉబ్బి మెత్తబడ్డాయి. పాత సంచివి కొంగు ముడిలో ఉన్నాయి. అవీ వేసింది. అవి అట్లాగే ఉన్నాయి. సంచి మీద చేసిన తారీకు చదివింది. మొలాసిస్ ఉందా అని వెతికింది. ఉంది. కాని గుళిక మెత్తగానే ఉంది కదా. మడ్డి ఉండటం తప్పు కాదు, ముదరబెట్టటమే తప్పు. అదే సంచి తీసుకున్నారు.

వానాకాలం కావటంతో అత్త కొట్టంలో నేల మీద చెక్కలు పరిచి, గోడకు జానెడు దూరంలో సంచి పెట్టింది. వాడినప్పుడల్లా మూతి బిగించి కట్టింది.

పాత సంచి అడుగున ఇంకా నాలుగు కిలోల దాకా గట్టి గుళికలు మిగిలాయి. అవి తల్లి పందికి పోసింది. కరకర నమిలి తినేసింది.